కుంగిన ట్యాంకు వర్ధిల్లాలి

పాఠకులారా, మీ ఇంట్లో ఏదైనా కుంగుతూ ఉంటే దయచేసి బాగుచేయించకండి. కుంగడం ఒక వరం!

మీరు నవ్వుతారని తెలుసు. పట్నంలో ఉండేవాళ్ళకి గోడ కాస్త బీట వారితే చాలు, వెంటనే ఎవరికో ఫోన్ చేయాలనిపిస్తుంది. మణుగూరు దాటి అడవి దారిలో, బస్సు వెనక్కి తిరిగే మలుపు దగ్గర చిన్న కిరాణా కొట్టు పెట్టుకుని బతుకుతున్న నాలాంటి ముసలిదానికి అలా అనిపించదు. నేను బడికి వెళ్ళలేదు. పొట్లాలు కట్టే కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. ఆ కాగితాలతో ఒక చిక్కుంది. వార్త మొదలు ఉంటే చివర ఉండదు, చివర ఉంటే మొదలు ఉండదు. మిగతాది మనమే ఆలోచించుకోవాలి. అలా ఆలోచించి ఆలోచించి నేను తేల్చుకున్నది ఇది: గట్టిగా, నిటారుగా ఉన్నవన్నీ ఏదో ఒక రోజు వెళ్ళిపోతాయి. కుంగినవే మన దగ్గర ఉంటాయి.

నమ్మరా?

నులక మంచం సంగతే చూడండి. బిగించి కట్టిన మంచం మీద పడుకోబెట్టిన పసిపిల్ల దొర్లి కింద పడుతుంది. కుంగిన మంచంలో పిల్ల నడిమధ్యకు జారి హాయిగా నిద్రపోతుంది. నా కొట్టు ముందు వాసం కుంగి ఉంది కాబట్టే ఎంత పెద్ద ఆఫీసరైనా నా దగ్గర తల వంచుకుని లోపలికి రావాలి. ఈ మర్యాద ఎవరికి దక్కుతుంది?

ఒకసారి మా మలుపులో మణుగూరు బస్సు కింద బరువు మోసే ఇనుప కమాన్లు విరిగి బస్సు ఒక పక్కకు ఒరిగిపోయింది. మెకానిక్కు వచ్చేదాకా కండక్టరు మా ఊళ్ళోనే ఉన్నాడు. మా ఊరి జొన్నరొట్టె తిన్నాడు, మా ఊరి పిల్లను చూశాడు, చివరికి మా ఊరి అల్లుడయ్యాడు. కమాన్లు గట్టిగా ఉంటే ఆ పిల్లకు ఆ మొగుడు దొరికేవాడా?

అంతెందుకు, వాగు మీద కల్వర్టు కుంగింది. కుంగకముందు ఒక్క పెద్దమనిషైనా దాన్ని చూడటానికి వచ్చాడా? కుంగాక ఎన్ని జీపులు, ఎంతమంది సార్లు! ఇప్పటికీ వస్తూనే ఉన్నారు, చూస్తూనే ఉన్నారు. బాగుచేసి ఉంటే ఈ రాకపోకలన్నీ ఆగిపోయేవి కాదూ! కల్వర్టు మీద బండ్లు వెళ్ళకూడదు కాబట్టి మేమందరం పక్కనే వాగులోకి దిగి వెళ్తాం. అంతే తేడా.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా ఊరికి చక్రాల దవాఖానా వస్తుంది. ట్రాక్టరు వెనక కట్టుకుని లాక్కొచ్చే తెల్లటి ఇల్లు అది. ముందు అది దవాఖానా కాదట. విదేశాల్లో కొందరు ఇల్లుండగానే ఇంకో చిన్న ఇంటిని కారు వెనక తగిలించుకుని అడవుల్లోకి వెళ్ళి పడుకుంటారట. దాన్ని సెలవు అంటారట. మా ఊళ్ళో అందరూ పుట్టినప్పటి నుంచీ అడవిలోనే పడుకుంటున్నారు, సెలవు మాత్రం ఎవరికీ దొరకలేదు. ఆ సెలవులు తీరిపోయిన పుణ్యాత్ములెవరో ఆ ఇంటిని ఒక సేవాసంస్థకు దానం చేశారు. సంస్థవాళ్ళు దాని మీద ఎర్ర రంగుతో ప్లస్ గుర్తు వేయించారు. దవాఖానా అయిపోయింది.

లోపల ఒక మంచం, ఒక గట్టు, చేతులు కడుక్కునే సింకు ఉంటాయి. కింద, సరిగ్గా కడుపు ఉండే చోట, నీళ్ళ ట్యాంకు ఉంటుంది. ఆ ట్యాంకును రెండు సన్నటి రేకు పట్టీలు పైనుంచి పట్టుకుని ఉంటాయి. నున్నటి రోడ్ల మీద తిరిగే ఇంటికి అవి సరిపోతాయి కాబోలు!

అందులో వచ్చే సిస్టరు ప్రమీల. మధిర వైపు అమ్మాయి. మందులిస్తుంది, సూది వేస్తుంది, పురుళ్ళు పోస్తుంది, మాట్లాడుతూనే ఉంటుంది. ఆ మాటలకే సగం జ్వరం దిగుతుంది. నెలకోసారి వస్తుంది, ఒక పూట ఉంటుంది, ట్రాక్టరు స్టార్టు చేయగానే వెళ్ళిపోతుంది. ట్రాక్టరు స్టార్టయిన చప్పుడు వింటే నేను కొట్టు తలుపు దగ్గరికి వేసుకుంటాను. ఏ బండి స్టార్టయినా అంతే. బస్సు మలుపులో కొట్టు పెట్టుకున్నదానికి ఇదేం జబ్బని మీరు అడగవచ్చు. జబ్బులు మనం ఉండే చోటు చూసుకుని రావు కదా.

మా ఊళ్ళో సర్కారువారి సబ్‌సెంటర్, అదే చిన్న దవాఖానా, లేదా అంటారేమో. ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు జోగమ్మ సంగతి చెప్పాలి. జోగమ్మ మా నాగక్క కోడలు. నాగక్క, ఆమె మొగుడు దూలయ్య మా కొట్టు వెనక కోయగూడెంలో ఉంటారు. నాగక్క రోజూ పొద్దున్నే అడవిలోకి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి నా కొట్టు అరుగు మీద కూర్చుంటుంది. పోయినేడు వానల్లో జోగమ్మకు మొదటి కాన్పు. చక్రాల దవాఖానా వచ్చి చూసి, ఇంకా టైముందని చెప్పి వెళ్ళింది. వెళ్ళిన మర్నాడే నొప్పులు మొదలయ్యాయి. మంచం మీద మోసుకుని వాగు దాకా వెళ్ళారు. కల్వర్టు మీదుగా నీళ్ళు పారుతున్నాయి. వాగు తగ్గేదాకా ఒడ్డునే కూర్చున్నారు. జోగమ్మ బతికింది. బిడ్డ బతకలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. దవాఖానా చెప్పిన రోజుకే వచ్చింది. పసిబిడ్డే చెప్పిన రోజుకు రాలేదు.

ఈ ఏడు జోగమ్మకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. మళ్ళీ వానలే. నాగక్క అరుగు మీద కూర్చుని మాట్లాడటం మానేసింది. వాగు వైపు చూసేది, వెళ్ళేది.

అప్పుడు దేవుడు కరుణించాడు. చక్రాల దవాఖానా వాగులో దిగి ఎక్కుతుంటే చక్రం గుంటలో పడి, ఒక పట్టీ తెగింది, రెండోది సాగింది. ఊళ్ళోకి వచ్చేసరికి ట్యాంకు ఈనబోయే ఆవు పొట్టలా కిందికి వేలాడుతూ ఉంది. ఇంకొంచెం లాగితే నేలకు రాసుకుని పగిలిపోతుందని డ్రైవరు చూసి చెప్పాడు. ట్రాక్టరుకు వేరే కిరాయి ఉందని ట్రాక్టరు వరకే తీసుకుని వెళ్ళిపోయాడు. తెల్లటి ఇల్లు నా కొట్టు పక్కన నిలబడిపోయింది.

ఆ రోజు నేను నా కొట్టులో బెల్లం పంచాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ప్రమీల నా కొట్టు వెనక గుట్ట ఎక్కి, సెల్‌ఫోనుకు సిగ్నల్ దొరికే రాయి మీద నిలబడి, ఖమ్మంలో ఉండే సూపర్‌వైజర్ వెంకటరామారావు గారికి సంగతి చెప్పింది. మెకానిక్కును పంపడానికి వీలు చూసుకోవాలనీ, అందాక ట్యాంకు కింద గట్టిగా సపోర్టు పెట్టించమనీ ఆయన చెప్పారు. గుట్ట దిగి వచ్చి ప్రమీల ఆ మాటే దూలయ్యకు చెప్పింది. గూడెంలో ఎవరి ఇంటికి దూలం కుంగినా, పాక ఒరిగినా దూలయ్యనే పిలుస్తారు.

దూలయ్య వచ్చి వంగి చూశాడు. ఇంటి చుట్టూ తిరిగాడు. అడవిలోకి వెళ్ళి నాలుగు పచ్చి గుంపెన కొయ్యలు కొట్టుకొచ్చాడు. ట్యాంకు నాలుగు మూలల కింద గోతులు తీసి, కొయ్యలు పాతి, మీద అడ్డకర్రలు బిగించి, ట్యాంకును కిందినుంచి ఎత్తి వాటి మీద కూర్చోబెట్టాడు. మట్టి దిమ్మిస కొట్టి గట్టిపరిచాడు. ఎంత గట్టిగా పెట్టాడంటే, మేము బిందెలతో ట్యాంకు నిండా నీళ్ళు పోసినా అది చెక్కు చెదరలేదు.

చెప్పిన పని చెప్పినట్టు చేశాడా లేదా? సపోర్టు గట్టిగా ఉందా లేదా? కాకపోతే చక్రాల ముందు రెండు కొయ్యలు, వెనక రెండు కొయ్యలు భూమిలో పాతుకుని ఉన్నాయి. ఇల్లు ఇక ముందుకు కదలదు, వెనక్కి కదలదు.

దూలయ్య నిజంగా తెలియకే అలా చేశాడా అని నన్ను అడగకండి. ఆయన మొహం చూసి లోపలి మాట చెప్పగలిగినవాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. నాగక్కతో సహా.

గుంపెన కొయ్య గుణం మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. దడికి పాతితే దడి చెట్లవుతుంది. పైగా వానలు. పైగా ట్యాంకు అతుకుల నుంచి బొట్టు బొట్టుగా కారే నీళ్ళు. కొద్ది రోజులకే కొయ్యలకు ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. తర్వాత ఆకులు. తెల్లటి విదేశీ ఇల్లు మా ఊళ్ళో వేళ్ళు దిగి, ఆకులు తొడిగింది!

పాఠకులారా, ఆ రోజులను నేను ఎలా వర్ణించను? గూడేనికి రోజూ సిస్టరు ఉంది. జ్వరం వచ్చినవాళ్ళు నెలాఖరుదాకా ఆగకుండా జ్వరం వచ్చిన రోజే మందు వేసుకునే దుబారాకు అలవాటు పడ్డారు. ముసలివాళ్ళం బీపీ చూపించుకోవడం ఒక కాలక్షేపంగా పెట్టుకున్నాం. జోగమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి ఆ మంచం మీద పడుకుని పొట్ట చూపించుకునేది. కింద ట్యాంకు, పైన జోగమ్మ, ఇద్దరూ నిండుగా ఉండేవారు. నాగక్క మళ్ళీ అరుగు మీద కూర్చుని నా మీద జోకులు వేయడం మొదలుపెట్టింది.

నేను ప్రమీలకు రోజూ ఏదో ఒకటి వండిపెట్టేదాన్ని. ఆ పిల్ల తింటూ, ఇలా తినిపిస్తే తనను ఏ ట్రాక్టరూ లాగలేదని అనేది. నా ఉద్దేశం అదేనని నేను చెప్పలేదు.

ఒక రోజు జీపు వచ్చింది. వెంకటరామారావు గారు దిగారు. తెల్ల చొక్కా, చేతిలో రెండు సెల్‌ఫోన్లు. దవాఖానాను వేరే మండలంలో ఏదో సభకు ప్రదర్శనకు తీసుకువెళ్ళాలట. వంగి కిందికి చూశారు. చాలాసేపు అలా వంగే ఉన్నారు. లేచాక దూలయ్యను పిలిపించారు.

“నేను సపోర్టు పెట్టమన్నది బండికి. భూమికి కాదు.”

“ఇల్లు గద సారూ” అన్నాడు దూలయ్య. “ఇల్లు కుంగితే కింద గుంజ పెడతం. పైనుంచి ఏలాడగట్టి ఇడిస్తె ఎట్ల నిలుస్తది?”

“దీనికి చక్రాలున్నయ్, కనబడ్తలేదా?”

“ఉన్నయ్ సారూ. కుంగినంక ఇంక చక్రాలెందుకని నేను గట్ల పట్టించుకోలే.”

సూపర్‌వైజర్ గారు జీపు డ్రైవరును గొడ్డలి తెమ్మన్నారు. జోగమ్మకు రేపో మాపో అని ప్రమీల ఆ పొద్దున్నే చెప్పింది. ఆ మాట ప్రమీల సార్‌కు కూడా చెప్పింది, చెబుతూనే ఉంది. ఆయన తల ఊపుతూ రెండో సెల్‌ఫోనుకు సిగ్నల్ వెతుక్కుంటున్నారు.

సరిగ్గా అప్పుడే అడవి గార్డు సైకిల్ మోటారు మీద అటు వచ్చాడు. మామూలుగా ఆ బండి చప్పుడు వింటే గూడెంలో కట్టెల మోపులు మాయమవుతాయి. ఆ రోజు నాగక్క ఎదురెళ్ళి బండి ఆపింది.

“పోయినేడు మా పెద్దోడు ఎండుకట్టె తెస్తే నువ్వు గొడ్డలి గుంజుకున్నవ్. గిది పచ్చగున్నది, ఆకులున్నయ్. ఈ సారు నరుకుతుంటె సూసుకుంట పోతవా?”

గార్డు దిగాడు. కొయ్యలను చూశాడు. ఆకులు పట్టుకుని చూశాడు. చుట్టూ చేరిన గూడెం జనాన్ని అంతకన్నా శ్రద్ధగా చూశాడు.

“పచ్చచెట్టు సార్. పర్మిషన్ తెచ్చుకోండి” అన్నాడు.

“బండి కింద చెట్టేందయ్యా?”

“చెట్టు మీద బండి పెట్టింది మీరే గద సార్.”

పాఠకులారా, అడవి చట్టం గురించి ఇంతకాలం నేను తప్పుగా అనుకున్నాను. క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఎంత గొప్ప చట్టం అది! పాడెకు వెదురు కొట్టుకోవాలన్నా భయపడేలా చేసిన ఆ చట్టం, ఒక్కసారైనా మా వైపు నిలబడింది. జీపు వెనక్కి తిరిగింది.

అయితే మా గూడెం చావడికి రెండు వాసాలు కావాలని పెట్టుకున్న అర్జీకి ఇంతవరకు జవాబు లేదు. గుంపెన కొయ్యల పర్మిషన్ మాత్రం ఆ వారంలోనే వచ్చేసింది. ఆఫీసులు నిదానంగా పనిచేస్తాయని నిందించేవాళ్ళు ఇది గమనించాలి.

ఈసారి సూపర్‌వైజర్ గారు ట్రాక్టరుతో వచ్చారు. ట్రాక్టరు మీద జనరేటరు, దానితోపాటు మణుగూరు నుంచి వెల్డింగు చేసే రూప్‌సింగ్. మందమైన యాంగిల్ ఇనుము తెచ్చారు. ట్యాంకులో నీళ్ళు తీసేస్తేనే వెల్డింగు చేస్తానని రూప్‌సింగ్ చెబితే, నీళ్ళన్నీ వదిలేశారు. మేము బిందెలతో పోసిన నీళ్ళు నా కొట్టు ముందు నుంచే కాలువగా పారిపోయాయి. రూప్‌సింగ్ కిందికి దూరాడు. మొదటి నిప్పురవ్వలు ఎగిరాయి.

జోగమ్మను అప్పుడే తీసుకొచ్చారు. నడవలేకపోతోంది. నొప్పులు మొదలయ్యాయి.

ప్రమీల తలుపు తీసి బయటికి వచ్చింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల, ఆ రోజు ఒక్క మాటే అంది.

“నీళ్ళు పోయండి పెద్దమ్మా.”

ట్యాంకు నిండితే వెల్డింగు ఆగుతుంది. వెల్డింగు ఆగితే బండి కదలదు. సభ తప్పిపోతుంది. సూపర్‌వైజర్ గారు ఏదో అనబోయారు. అప్పటికే గూడెం ఆడవాళ్ళు బోరింగు దగ్గర బారులు కట్టారు. నేను కూడా ఒక బిందె మోశాను. నా వయసులో అది బిందె కాదు, కొండ. రూప్‌సింగ్ కింద నుంచి బయటికి వచ్చి, జనరేటరు ఆపి, పక్కన కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. తనకూ ఇద్దరు ఆడపిల్లలున్నారని సార్‌తో చెప్పాడు. ట్యాంకు మళ్ళీ దూలయ్య కొయ్యల మీదే బరువుగా కూర్చుంది.

వెంకటరామారావు గారు నా కొట్టులోకి, తల వంచుకునే, వచ్చి కూర్చున్నారు. టీ ఇచ్చాను. చల్లారిపోయింది. బయట నాగక్క అరుగు మీద కూర్చుని వాగు వైపు చూస్తోంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుంది.

పొద్దు గుంకకముందే లోపల బిడ్డ ఏడ్చింది.

ఆడపిల్ల. నల్లగా, గట్టిగా, అందరి మీదా కోపంగా ఉంది. నాగక్క లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది. లోపలికి వెళ్ళకుండా ముందు దూలయ్య దగ్గరికి వెళ్ళి, “నీ గుంజలు మంచిగనే నిలవడ్డయ్ ముసలోడా” అంది. దూలయ్య ఆ కొయ్యల వైపు చూశాడు. మొహంలో ఏమీ కనిపించలేదు. కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు.

వెంకటరామారావు గారు బిడ్డను ఎత్తుకుని ఫోటో తీయించుకున్నారు. ఆ ఫోటో తర్వాత పేపర్లో వచ్చింది. మారుమూల అడవిలో సరైన సమయానికి చేరుకున్న సంచార వైద్యం అని రాశారు. ఆ పేపరు నా కొట్టుకు పొట్లాల కాగితంగా రాకముందే కొనుక్కుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. అబద్ధం ఒక్కటీ లేదు. సరైన సమయానికి చేరుకుంది, నిజమే. కుంగి, కొయ్యల మీద కూలబడి, అంతకుముందు నుంచీ ఇక్కడే ఉంది కాబట్టి చేరుకుంది.

మర్నాడు పొద్దున్నే రూప్‌సింగ్ పని పూర్తి చేశాడు. యాంగిల్ ఇనుముతో ట్యాంకు చుట్టూ చట్రం కట్టి, బండి అడుగున ఉండే చాసిస్‌కు అతికించి, దాని అంచు మీద తనే ఎక్కి తొక్కి చూపించాడు. చాలా మంచి పని. దిగి చేతులు దులుపుకుంటూ నాతో అన్నాడు.

“ఇగ ఇది జన్మల కుంగదమ్మా.”

అంతకన్నా చెడ్డ వార్త ఆ మధ్యకాలంలో నేను వినలేదు.

కొయ్యలను కింద నేలమట్టంగా నరకమని సార్ చెప్పారు. దూలయ్య మాత్రం పై అడ్డకర్రలు తీసేసి, ట్యాంకుకూ ఇరుసుకూ తగలకుండా జానెడు మొద్దులు మిగిల్చి నరికాడు. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ట్రాక్టరు స్టార్టయింది. ప్రమీల కిటికీలోంచి నాకు బీపీ బిళ్ళలు ఇచ్చి, రోజూ మర్చిపోకుండా వేసుకోమని చెప్పి, వెళ్ళొస్తా పెద్దమ్మా అంది. ఒకప్పుడు మా ఆయన కూడా మిర్చి బస్తాల లారీ ఎక్కుతూ, ఖమ్మం యార్డుకు వెళ్ళొస్తాననే అన్నాడు. ఆ మాట మంచిదే. తప్పు ఆ మాటది కాదు.

ఇల్లు వాగులోకి దిగింది. గుంటలో పడి లేచింది. ఏమీ తెగలేదు. ఎక్కి వెళ్ళిపోయింది.

నెలకోసారి మళ్ళీ వస్తోంది. ఒక పూట ఉంటోంది. అది వచ్చిన ప్రతిసారీ నేను వంగి ట్యాంకు కిందికి చూస్తాను. రూప్‌సింగ్ చేయి గట్టిది.

సరే, సబ్‌సెంటర్ సంగతి చెబుతానన్నాను కదా. బస్సు మలుపుకు అవతల ఉంది. మంచి సిమెంటు బిల్డింగు. కట్టిన కొన్నాళ్ళకే స్లాబు ఒక పక్క కుంగింది. లోపల కూర్చోవడం ప్రమాదమని సిస్టరును తీసేశారు, తాళం వేశారు. తాళం తుప్పు పట్టి ఏళ్ళయింది. లోపల గబ్బిలాలున్నాయి. ఒక్క యాంగిల్ ఇనుము పెడితే నిలబడుతుందేమో. ఎవరూ పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదా అని చాలా ఆలోచించాను. చక్రాల ఇల్లు కుంగితే జనరేటరు వచ్చింది, వెల్డింగు వచ్చింది, అడవి శాఖ పర్మిషన్ వారంలో వచ్చింది. సబ్‌సెంటర్ కుంగితే పిల్లి కూడా రాలేదు. తేడా ఒక్కటే కనిపించింది. సబ్‌సెంటర్‌ను బాగుచేస్తే అది ఎక్కడికీ వెళ్ళదు. ఇక్కడే ఉంటుంది. ఇక్కడే ఉండేదాన్ని బాగుచేసి ఎవరికి ఏం లాభం? సభకు తీసుకువెళ్ళగలరా?

కాబట్టి పై అధికారులకు ఈ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. దయచేసి మా సబ్‌సెంటర్‌కు నాలుగు చక్రాలు బిగించండి. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి తప్పకుండా బాగుచేస్తారు.

బాగయ్యాక అది వెళ్ళిపోకుండా చూసే పని మాకు వదిలేయండి. దూలయ్య నరికిన నాలుగు మొద్దులూ మళ్ళీ చిగుళ్ళు వేశాయి. అడవిలో ఇంకా బోలెడన్ని గుంపెన కొయ్యలున్నాయి.